నాలుగో నిమిషంలో ఎందుకు ఆగారు? గుండె ఆపరేషన్ తర్వాత రిహాబ్: నా అనుభవం

ఆరు నిమిషాల నడక పరీక్షలో ఒక పేషెంటు నాలుగో నిమిషానికే ఆగి గోడ పట్టుకున్నారనుకోండి. బైపాస్ జరిగి మూడు వారాలైంది. ఎందుకు ఆగారు? గుండె పంపింగ్ తక్కువగా ఉండి కావచ్చు. ఆపరేషన్లో రక్తం పోయి హీమోగ్లోబిన్ ఇంకా 9 దగ్గరే ఉండి కావచ్చు. పొద్దున బీపీ మాత్రలన్నీ ఒకేసారి వేసుకుని, గంట తిరక్కముందే నడకకి వచ్చి కావచ్చు. బైపాస్ కోసం సిర తీసిన కాలు వాచి బరువెక్కి కావచ్చు. నాలుగు రోజులుగా ముద్ద సహించక కావచ్చు. లేదా గుండె దడదడలాడగానే కుట్లు ఊడిపోతాయేమోనని భయం పుట్టి కావచ్చు.

ఫిజియోథెరపిస్టుగా నా కంటికి కనిపించేది ఆగిపోవడం ఒక్కటే. కారణాలు ఒక్కోటి ఒక్కొక్కరికి కనిపిస్తాయి. గుండె రిహాబ్‌ని, అంటే ఆపరేషన్ తర్వాత మనిషిని మళ్లీ మామూలు జీవితానికి తెచ్చే పనిని, బృందంగా చేయాలనేది అందుకే. చుట్టూ డిగ్రీలు ఎక్కువైతే మేలు ఎక్కువ జరుగుతుందని కాదు.

బృందంలో కార్డియాలజిస్టు, రిహాబ్ నర్సు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేవారు), డైటీషియన్, సైకాలజిస్టు, ఫార్మసిస్టు ఉంటారు. వారానికోసారి అందరం కూర్చుంటాం. ఒక్కో పేషెంటుకి ఒకే కాగితం, ఏడు ఫైళ్లు కాదు. పైన పేషెంటు సొంత మాటల్లో లక్ష్యం రాసి ఉంటుంది: మేడ మెట్లు ఆగకుండా ఎక్కాలి, మళ్లీ పనిలోకి వెళ్లాలి, ఇలా. కింద ఎవరి గడి వాళ్లు నింపుతారు, కానీ అందరి గడులూ చదివాకే. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇద్దరి పనుల మధ్య ఉన్న సందులోనే. డాక్టరు కొత్త బీపీ మాత్ర రాస్తారు, ఆ సంగతి వ్యాయామం చేయించేవాళ్లకి తెలియదు, మూడో రోజు పేషెంటు సైకిల్ దిగుతూ కళ్లు తిరిగి పడతారు.

పని ఐసీయూలోనే మొదలవుతుంది. తేదీ ముందే ఖాయమైన ఆపరేషన్ అయితే ఇంకా ముందే. ఎలా దగ్గాలి, మంచం మీంచి ఎలా లేవాలి, శ్వాస పరికరం ఎలా వాడాలి అన్నవి ఆపరేషన్‌కి ముందే నేర్పేయాలి. మత్తు వదలని తలకి, నొప్పి మందుల మధ్య కొత్త విద్య ఎక్కదు.

1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు వచ్చినవాళ్లని మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టమన్నప్పుడు అది దుస్సాహసంలా కనిపించింది. అప్పటిదాకా వారాల తరబడి పడుకోబెట్టడమే వైద్యం. ఇప్పుడు బైపాస్ అయిన మర్నాడే, బీపీ నిలకడగా ఉంటే, కుర్చీలోకి మారుస్తాం. ఆ తర్వాత గదిలో నాలుగడుగులు, ఆపైన వరండా, ఇంటికి పంపేముందు ఒక వరస మెట్లు. లేపేటప్పుడు మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూస్తాం. నిలబెట్టాక పై అంకె 20 పడిపోతే ఆ పూట నడక లేదు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా నాడి మీద వేలు ఉంచడం మర్చిపోకూడదు. ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పడం ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతుంది. నిన్న గడియారంలా కొట్టుకున్న నాడి ఇవాళ తాళం తప్పితే ముందు నర్సుకి చెప్పాలి, నడక తర్వాత.

ఊపిరితిత్తుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల అడుగు భాగం, ముఖ్యంగా ఎడమవైపు, ముడుచుకుపోతుంది. నొప్పికి భయపడి పైపైన శ్వాస తీస్తే అది అలాగే ఉండిపోయి, కఫం చేరి, జ్వరం దాకా వెళ్తుంది. అందుకే మూడు బంతుల పరికరం ఇస్తాం. ఇచ్చిన వెంటనే దాదాపు అందరూ దాంట్లోకి ఊదుతారు. ఊదడం కాదు, పీల్చాలి. రెండో తప్పు, మూడు బంతుల్నీ ఒక్క గుక్కలో ఎగరేసి ఇంట్లోవాళ్లకి చూపించడం. గబుక్కున పీలిస్తే బంతులు ఎగురుతాయి గానీ గాలి అడుగుదాకా వెళ్లదు. నెమ్మదిగా పీల్చి, ఒకటో రెండో బంతుల్ని లేపి మూడు సెకన్లు నిలబెట్టగలిగితే అదే అసలైన పని. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి 10 సార్లు. మధ్యమధ్యలో మామూలు శ్వాస తీసుకోకుండా వరసగా లాగిస్తే తల దిమ్మెక్కుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తర్వాత దిండుని ఛాతీకి రెండు చేతులా గట్టిగా అదుముకుని దగ్గాలి. ఇదంతా నొప్పి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావు గంటకి పెట్టుకోవాలి. ఈ వేళ గురించి నర్సూ నేనూ మాట్లాడుకోకపోతే మాత్ర ఒక టైముకి, వ్యాయామం ఇంకో టైముకి పడి రెండూ వృథా.

ఇక రొమ్ము ఎముక. నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. గట్టిగా అతకడానికి 8 నుంచి 12 వారాలు. రెండు మూడు కిలోలకి మించి ఎత్తొద్దు, చేతులు భుజాల పైకి లేపొద్దు అన్నది పాత సలహా. సర్జన్లు ఇప్పటికీ అదే రాసి పంపడం మామూలే, వాళ్ల మాటని మేం తోసెయ్యం. కానీ ఆ సలహా ఇంటికెళ్లేసరికి "చేతులు కదపొద్దు" అని మారిపోతుంది. ఆరు వారాలకి భుజాలు బిగుసుకుపోయి, ముందుకి వంగిపోయి, దువ్వెన కూడా తలదాకా అందని స్థితిలో వస్తారు. నిజానికి గట్టి దగ్గు, తుమ్ము ఎముక మీద వేసే బలం చిన్న సంచి ఎత్తేటప్పటి బలం కంటే ఎక్కువే. అందుకే బరువు ఎన్ని కిలోలన్నదాని కంటే చెయ్యి ఒంటికి ఎంత దూరంలో ఉందన్నది ఎక్కువ చూస్తాం. మీరొక గొట్టంలో నిలబడ్డారని ఊహించుకోండి. పై చేయి పక్కటెముకలకి ఆనుకుని ఉన్నంతవరకు రోజువారీ పనులు చేసుకోవచ్చు. చాపిన చేత్తో ఎత్తడం, ఒక చేత్తో బరువైన తలుపు లాగడం, ఒక్క చేతిని వెనక్కి తిప్పి ఒంటి బరువంతా దాని మీద వెయ్యడం, ఈ మూడే ఎక్కువ హాని చేస్తాయి. రెండు చేతులూ కలిపి నొప్పిలేనంత ఎత్తుకి నెమ్మదిగా లేపితే తప్పులేదు.

కుర్చీలోంచి లేవడం కూడా నేర్పాల్సిన విద్యే. ముందుకి జరిగి అంచున కూర్చోవాలి, పాదాలు మోకాళ్ల కంటే వెనక్కి పెట్టాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగాలి, అప్పుడు తొడల బలంతో లేవాలి. చేతులు ఛాతీ మీద. మంచం మీంచి అయితే దుంగలా పక్కకి దొర్లి, కాళ్లు కిందికి దించుతూ లేవాలి. దగ్గినప్పుడు ఎముకలో 'టిక్' మన్నా, రెండు ముక్కలు ఒకదానిమీదొకటి కదిలినట్టనిపించినా, గాయం ఎర్రబడినా, చీము వచ్చినా వ్యాయామం అక్కడితో ఆపి సర్జన్ దగ్గరికి. షుగరు, ఊబకాయం, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. బరువైన రొమ్ములున్న స్త్రీలకి మొదటి రోజు నుంచే సరైన ఆసరా ఇచ్చే లోదుస్తు కావాలి. లేకపోతే గాయం రెండువైపులకీ లాగుతుంది. ఈ మాట చెప్పడానికి మొహమాటపడి వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇంటికెళ్లాక మొదటి వారాలు నడకే. రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు, చదునైన నేల మీద. ఒకటి రెండు రోజులకోసారి ఒక నిమిషం పెంచాలి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. ఛాతీ ఎడమవైపు మొద్దుబారినట్టుండటం, సిర తీసిన కాలి చీలమండ దగ్గర తిమ్మిరి, చిటికెన వేలు జివ్వుమనడం చూసి చాలామంది హడలిపోతారు. ఆపరేషన్లో నరాలు తెగడం, సాగడం వల్ల వచ్చేవి ఇవి. చాలావరకు నెలల మీద తగ్గుతాయి. ఈ ఒక్క ముక్క ముందే చెబితే అర్ధరాత్రి పరుగులు ఎన్నో తప్పుతాయి.

రెండు నుంచి నాలుగు వారాల మధ్య అవుట్ పేషెంటు రిహాబ్ మొదలవుతుంది. వారానికి 3 సెషన్లు, 12 వారాలు, మొత్తం 36. మొదటి రోజు ఆరు నిమిషాల నడక. 30 మీటర్ల నడవా, రెండు చివర్లా కోన్లు. నిమిషానికోసారి నిర్ణీతమైన మాటే చెప్పాలి. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఉత్సాహపరిస్తే దూరం పెరుగుతుంది, పరీక్ష చెడుతుంది. పక్కన నడవకూడదు, మన వేగమే వాళ్ల వేగమైపోతుంది. అర్ధగంట విశ్రాంతి తర్వాత రెండోసారి చేయించి ఎక్కువ దూరాన్ని రాసుకుంటాం, ఎందుకంటే అలవాటువల్లే రెండోసారి కొంత పెరుగుతుంది. తర్వాత పోల్చినప్పుడు 25 మీటర్ల పైబడి పెరిగితే అది లెక్కలోకి వచ్చే మార్పు.

ఎంత వేగంతో చేయించాలన్నది అసలు చిక్కు. ట్రెడ్‌మిల్ పరీక్ష జరిగి ఉంటే సులువు. గరిష్ఠ నాడి 130, విశ్రాంతిలో 70 అనుకుంటే మధ్య తేడా 60. అందులో 40 నుంచి 60 శాతాన్ని 70కి కలిపితే 94 నుంచి 106. ఆ పరీక్ష బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) వేసుకుని చేసిందైతేనే ఈ లెక్క పనికొస్తుంది. మాత్ర ఆపి చేసిన పరీక్ష అంకెల్ని మాత్ర మీదున్న మనిషికి పెడితే ఎంత తొక్కినా ఆ నాడి రాదు. పరీక్షే లేకపోతే విశ్రాంతి నాడికి 20 నుంచి 30 కలిపి, దానితోపాటు శ్రమ ఎంత అనిపిస్తోందో అడుగుతాం. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ పెట్టిన 6 నుంచి 20 దాకా ఉన్న కొలమానం అది. 11 నుంచి 13 మధ్య ఉండాలి, అంటే 'తేలిక' నుంచి 'కాస్త కష్టం' దాకా. మమ్మల్ని సంతోషపెట్టడానికి చెమటలు కక్కుతూ కూడా "పదకొండు" అనేవాళ్లుంటారు. అందుకే అంకె అడిగాక ఇంకేదైనా మాట కలుపుతాం. జవాబు ముక్కలు ముక్కలుగా వస్తే ఆ పదకొండు పద్నాలుగే.

సెషన్లో ముందు 10 నుంచి 15 నిమిషాల వార్మప్. అసలు వ్యాయామం మొదటి వారం నాలుగు నిమిషాలు చేసి ఒకటి రెండు నిమిషాలు ఆగడం, అలా అయిదు విడతలు. క్రమంగా విరామాలు తగ్గించి 30 నిమిషాలకి తెస్తాం. చివర 10 నిమిషాల కూల్‌డౌన్. ఆటోకి, బస్సుకి తొందరపడి దీన్నే వదిలేస్తారు. తప్పు అక్కడే. కాళ్లలో రక్తనాళాలు విప్పారి ఉన్నప్పుడు హఠాత్తుగా ఆగితే రక్తం కిందే నిలిచిపోతుంది, బీపీ పడిపోతుంది. నాళాల్ని విప్పే మందులు వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. అయిపోయాక పావుగంట కూర్చోబెట్టే పంపుతాం. ట్రెడ్‌మిల్ మీద కడ్డీ గట్టిగా పట్టుకుని వేలాడితే మెషిన్ చూపే వేగం, ఒంటికి పడే శ్రమ ఒకటి కావు. ఆ అంకెని కాగితం మీదికి ఎక్కించడం అబద్ధం రాయడమే.

ఆ రోజు వ్యాయామం వద్దనే సందర్భాలు: విశ్రాంతిలో బీపీ 180/110 దాటడం, నాడి 120 పైన ఉండటం, జ్వరం, మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం. ఇది తిండి బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతున్న బరువు. మధ్యలో ఆపాల్సినవి: ఛాతీ నొప్పి, కొత్తగా లయ తప్పిన నాడి, వేగం పెంచుతుంటే పెరగాల్సిన పై బీపీ 10 పాయింట్లు తగ్గడం. చివరిది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పేషెంటుకి అప్పటికి ఏమీ అనిపించకపోవచ్చు.

షుగరున్నవాళ్ల దగ్గర మందులు, తిండి, వ్యాయామం మూడూ ఒకేచోట కలుస్తాయి. ఇన్సులిన్ తొడలోకి పొడుచుకుని వెంటనే సైకిల్ తొక్కితే అది త్వరగా రక్తంలో కలుస్తుంది, షుగరు పడిపోతుంది. ఆ రోజు పొట్టలో పొడుచుకోవడం మేలు. షుగరు పడేటప్పుడు వచ్చే వణుకు, గుండెదడ బీటా బ్లాకర్ కింద మరుగున పడతాయి, చెమట మాత్రం దాగదు. ఇన్సులిన్ మీదున్నవాళ్లకి మొదలుపెట్టేముందు 100 లోపు ఉంటే ఏదైనా తిని, పెరిగాకే.

బరువులతో వ్యాయామం ఆపరేషన్ అయిన 5 వారాలకి ముందు లేదు. అది కూడా 4 వారాలు మా కళ్లముందు సెషన్లు చేశాకే, ముందు కాళ్లకే. ఛాతీ కండరాలకి బరువు 12 వారాల తర్వాత. 10 నుంచి 15 సార్లు సుఖంగా ఎత్తగలిగే బరువు చాలు. ఊపిరి బిగబట్టకూడదు. అంకెలు పైకి లెక్కపెట్టమంటే బిగబట్టడం వాళ్ల తరం కాదు. గుండె మార్పిడి జరిగినవాళ్లకి ఇవన్నీ వేరే లెక్క. కొత్త గుండెకి నరాలు అతికి ఉండవు కాబట్టి విశ్రాంతిలోనే నాడి వేగంగా ఉంటుంది, వ్యాయామానికి ఆలస్యంగా పెరుగుతుంది, ఆలస్యంగా దిగుతుంది. వార్మప్ ఎక్కువసేపు, కొలత బోర్గ్ అంకెతోనే.

ఫార్మసిస్టు గడిలో ఎక్కువగా కనిపించే పట్టుదల ఒకటుంది: ఒళ్లు నొప్పులకి సొంతంగా ఐబుప్రొఫెన్ లాంటివి కొనుక్కోవద్దని. బైపాస్ అయినవాళ్లకి అవి గుండెకీ, కిడ్నీలకీ మంచివి కావు. లోహపు వాల్వ్ (గుండె కవాటం) వేసినవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇస్తారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే అంకె ఐఎన్ఆర్. దాని లక్ష్యం బృహద్ధమని వాల్వ్‌కి సాధారణంగా 2 నుంచి 3, మైట్రల్ వాల్వ్‌కి 2.5 నుంచి 3.5. ఆకుకూరలు వార్ఫరిన్ బలాన్ని తగ్గిస్తాయి గానీ మానేయమని చెప్పకూడదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమనాలి. ఒక వారం మానేసి ఇంకో వారం రోజూ తింటే అంకె ఊగిసలాడుతుంది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే వాల్వ్ ఉందని ముందే చెప్పాలి.

డైటీషియన్‌తో మొదట్లో నాకు పేచీ ఉండేది. మొదటి నెలలోనే కొవ్వు, ఉప్పు, తీపి అన్నిటికీ కోత పెడతారని అనుకునేవాణ్ని. కానీ గాయం మానే రోజుల్లో ఆవిడ అడిగేది ప్రొటీన్: కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు, కిడ్నీ జబ్బు లేకపోతే. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. నోరు చేదుగా ఉండి, నొప్పి మందులకి మలబద్ధకం పట్టి, సగం కూడా తినరు. ముక్కడం బీపీకీ, ఎముకకీ మంచిది కాదు కాబట్టి ఆ సంగతి ముందు సర్దుతారు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాకి కాస్త తక్కువ.

మనసు సంగతి తొమ్మిది ప్రశ్నల పత్రంతో మొదలవుతుంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27, అందులో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకాలజిస్టు చూస్తారు. కానీ నిద్ర, నీరసం, ఆకలి గురించిన ప్రశ్నలకి ఆపరేషన్ అయిన ఎవరికైనా అంకెలు పడతాయి. అందుకని దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు అన్న మొదటి రెండు ప్రశ్నలు విడిగా చదువుతాం. బతకడం మీద విరక్తి గురించిన చివరి ప్రశ్నకి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తంతో పనిలేకుండా ఆ రోజే మాట్లాడతారు. పేరు మర్చిపోవడం, పేపరు చదివితే బుర్రకెక్కకపోవడం మొదటి వారాల్లో సాధారణం, చాలామందిలో తగ్గిపోతుంది.

భయానికి మాటల కంటే మానిటర్ బాగా పనిచేస్తుంది. నాడి 100కి వెళ్లడం, ఆపగానే నెమ్మదిగా దిగడం పేషెంటు తన కళ్లతో చూడాలి. పక్కన భార్యో భర్తో కూడా చూడాలి, ఎందుకంటే ఇంట్లో నీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వకుండా కాపలా కాసేది వాళ్లే. ఆ ప్రేమ మూడు నెలలు సాగితే తొడలు పుల్లలవుతాయి.

ఆక్యుపేషనల్ థెరపిస్టు అడిగే ప్రశ్నలు చిన్నవి, పనికొచ్చేవి. స్నానానికి స్టూలు ఉందా? రోజూ వాడే వస్తువులు నడుము నుంచి భుజం ఎత్తులో ఉన్నాయా? మళ్లీ పనిలోకి వెళ్లడం, బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగమైతే 6 నుంచి 8 వారాలకి, బరువులెత్తే పనైతే 12 వారాలకి, అదీ ఆ పనిని ఇక్కడ నమూనాగా చేయించి చూశాక. వాహనం నడపడం 4 నుంచి 6 వారాలకి, నొప్పి మత్తుమందులు ఆపాక, చక్రం హఠాత్తుగా తిప్పగలిగితే. దాంపత్యం గురించి ఎవరూ అడగరు కాబట్టి మేమే చెబుతాం: రెండు వరసల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే గుండెకి ఇబ్బంది లేదు, ఎముక మీద బరువు పడకుండా చూసుకోవాలి. ఛాతీ నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అంగస్తంభనకి వేసుకునే సిల్డెనఫిల్ రకం మాత్రలు ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

నాలుగో నిమిషంలో ఆగిన పేషెంటు విషయంలో కాగితం నింపేసరికి తేలేది తరచుగా రెండు మూడు కారణాలు కలిసి: మాత్రలన్నీ ఒకే వేళకి పడటం, హీమోగ్లోబిన్ తక్కువ ఉండటం, పొద్దున ఏమీ తినకుండా రావడం. డాక్టరు మాత్రల వేళలు విడదీస్తారు, ఐరన్ చూస్తారు, డైటీషియన్ సెషన్‌కి గంటన్నర ముందు ఏం తినాలో రాస్తారు, నేను విడతల్ని రెండేసి నిమిషాలకి తగ్గిస్తాను. రెండు వారాల తర్వాత మళ్లీ అదే నడవాలో అదే పరీక్ష. అప్పటికీ నాలుగో నిమిషంలోనే ఆగితే ఎకో (గుండె స్కాన్) చేయించమని కాగితం కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి గుండె చుట్టూ నీరు చేరడం జరుగుతుంటుంది. జ్వరం, లోతుగా ఊపిరి తీస్తే గుచ్చినట్టు నొప్పి దానికి గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు, నడక మాత్రం ముందుకి సాగదు.

36వ సెషన్ రోజు కాగితం నకలు పేషెంటు చేతికిస్తాం. అందులో నడక దూరం, వ్యాయామంలో ఉండాల్సిన నాడి, బోర్గ్ అంకె, వారానికి ఎన్ని నిమిషాలు, పొద్దున్నే చూసుకోవాల్సిన బరువు, ఎంత పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉంటాయి. లక్ష్యం రాసిన పై గడి పక్కన పేషెంటు చేతే సంతకం పెట్టిస్తాం, నెరవేరితే 'అయింది' అని, లేకపోతే ఎక్కడ ఆగిందో ఒక్క ముక్క రాయించి.